ఇంటికి ఒక్క చెయ్యి

ఆగస్టు 25

కాలేజీ వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ తప్పన్నాడు. మార్చాను. మార్చిందీ తప్పన్నాడు. ఆఖరికి ఎలాగో తెరుచుకుంది... “వెల్కమ్, ఫ్ను!”

ఫ్ను అంటే నేనే. పాస్‌పోర్టులో ఇంటిపేరూ నా పేరూ కలిపి ఒకే గడిలో రాసిన పాపానికి, మొదటి పేరు తెలియదు అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు అక్షరాలు వీసావాళ్ళు తగిలించారు. బ్యాంకులో ఫ్ను, డెంటిస్టు దగ్గర ఫ్ను, ఇప్పుడు కాలేజీలోనూ ఫ్ను. కరుణ అనే పేరు ఇంట్లో, చర్చిలో తప్ప ఎక్కడా బతికి లేదు.

నర్సింగ్‌లో చేరడానికి నా బీఎస్సీలో అన్నీ ఒప్పుకున్నారు. కెమిస్ట్రీ, బయాలజీ, చివరికి నా ఇంగ్లీషు కూడా. ఒక్కటి తక్కువైందట, అమెరికన్ గవర్నమెంట్. ఈ రాష్ట్రంలో డిగ్రీ కావాలంటే అది చదివి తీరాలట. రోగికి బీపీ చూడటానికి సెనేట్ ఎందుకో ఎవరైనా చెప్తే వినాలని ఉంది.

ఆగస్టు 28

మొదటి వీడియో. ప్రొఫెసర్ గారి స్పీడు నాకు అందలేదు. స్పీడు తగ్గించి పెట్టాను, తాగి మాట్లాడుతున్నట్టు వినపడింది. మామూలు స్పీడులోనే మూడుసార్లు చూశాను. ఫెడరలిజం ఇంకా ఎక్కలేదు.

ఇండియా నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన నాన్న పక్కన సోఫాలో కూర్చుని విన్నారు. జిల్లా పరిషత్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, గవర్నమెంట్ అన్న మాట వినపడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

“మన పార్లమెంటు లాంటిదేగా అమ్మా?”

“కాదు నాన్నా.”

“ఆఁ, ఏముంది... పేర్లు మారుంటాయి, పని అదే.”

సెప్టెంబరు 1

డిస్కషన్ బోర్డు. ‘మీరు మొదటిసారి ఓటేసిన రోజు గురించి రాయండి.’

రాశాను. మా వీధి చివర ఎలిమెంటరీ స్కూలు, నాన్న నా ముందు లైన్లో నిలబడటం, గోరు మీద సిరా, ఆ సిరా పోకూడదని వారం రోజులు ఎడం చేత్తో అంట్లు ముట్టుకోకపోవడం. అమ్మ తిట్టడం.

క్లాసులో ఎవరో పంతొమ్మిదేళ్ళ పిల్ల కింద రాసింది — “సో బ్యూటిఫుల్, ఫ్ను!”

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

సెప్టెంబరు 5

క్విజ్. కెమెరా ఆన్‌లో ఉండాలి, గదిలో ఎవరూ ఉండకూడదు, కళ్ళు పక్కకి తిప్పకూడదు. సగంలో ఉండగా నాన్న కాఫీ పట్టుకొచ్చారు. “వేడిగా ఉంది, తాగి రాసుకో తల్లీ.”

గదిలో మరో మనిషి ఉన్నాడని మెషీను పట్టేసింది. సున్నా!

నాన్నని ఏమీ అనలేదు. కాఫీ తాగాను. చక్కెర ఎక్కువైంది.

సెప్టెంబరు 8

ప్రొఫెసర్‌కి రాశాను, ఆయన మా నాన్న, కాఫీ తెచ్చారు అంతే అని. మళ్ళీ రాయనిచ్చారు. పదికి ఆరు.

సెప్టెంబరు 12

కొత్త అసైన్‌మెంట్. ప్రభుత్వం వెబ్‌సైట్‌లో మీ ఓటరు రిజిస్ట్రేషన్ చూసుకుని, ఆ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టాలి. అందరికీ ఇవి ఊరికే వచ్చే మార్కులు.

నాకేది ఓటు? గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్నాం, ఆ క్యూ కదిలేసరికి నాకు మనవలు పుడతారు. ఇండియాలో చూస్తే, ఊళ్ళో ఉండటం లేదని లిస్టులోంచి నా పేరు తీసేశారు. నాన్న ఎంతో గొడవ చేసినా ఒప్పుకోలేదట. మిగిలింది చర్చి. అక్కడ ఇంటికొక ఓటు. మా ఇంటిది ఈయన వేస్తారు.

మొత్తం కలిపి చూసుకుంటే ఈ భూమ్మీద నా చెయ్యి ఎక్కడా లెక్కలో లేదు. పదిహేడేళ్ళ పిల్లలు స్క్రీన్‌షాట్లు పెట్టేస్తున్నారు, వచ్చే పుట్టినరోజుకి మా ఓటు రెడీ అని.

ఒళ్ళు మండింది. లాప్‌టాప్ మూసేశాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ప్రొఫెసర్ జవాబిచ్చారు. సిటిజన్ కానివాళ్ళకి వేరే పని ఇస్తారట. రాతలో నియమాలున్న ఏ సంస్థలోనైనా సరే, ఒక మార్పు ప్రతిపాదించి, దానికేమైందో రిపోర్టు రాయాలి. క్లబ్బు కావచ్చు, కాలనీ సంఘం కావచ్చు, చర్చి కావచ్చు.

చర్చి కావచ్చు... అని చదవగానే విజయక్క గుర్తొచ్చింది.

ఈ వేసవిలో చర్చి జనరల్ బాడీ మీటింగు జరిగింది. హాలు మార్చాలా వద్దా అని చేతులెత్తమన్నారు. విజయక్క ఎత్తింది. బావగారు పోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. సెక్రటరీ శామ్యూల్ అన్నయ్య ఎంత మెత్తగా అన్నాడో! “మీ ఇంటి ఓటు మీ బాబు కాలేజీ నుంచి వచ్చాక వేస్తాడులే అక్కా.”

అక్క చెయ్యి దించి కొంగు సర్దుకుంది, చెయ్యి ఎత్తింది అందుకే అన్నట్టు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

ఇప్పుడు మెదుపుతాను. ఇంటికొకటి కాదు, పెద్దవాళ్ళైన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ ఒక ఓటు.

సెప్టెంబరు 18

రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. ఈయనకి చూపించాను.

“ఇప్పుడు ఇదెందుకు కరుణా?”

“అసైన్‌మెంట్.”

“కాలనీ వాళ్ళతో చేసుకోవచ్చుగా... మెయిల్‌బాక్సుల గురించో ఏదో.”

“మెయిల్‌బాక్సులకి మొగుడు పోలేదు.”

ఆయన ఫోను తీసుకుని పైకి వెళ్ళిపోయారు. గ్రేస్ మెట్ల మీద నుంచి అంది — “మామ్, దట్ వాజ్ హార్ష్.” దానికి పదిహేనేళ్ళు, అన్నింటికీ ఒక తీర్పు ఉంటుంది.

సెప్టెంబరు 28, ఆదివారం

చదివాను!

ఆరాధన, భోజనాలు, తర్వాత జనరల్ బాడీ. హాలు అద్దె, క్రిస్మస్ ప్రోగ్రాం, పిల్లల సండే స్కూలు... అన్నీ అయ్యాక శామ్యూల్ అన్నయ్య “ఇంకేమైనా ఉందా” అన్నాడు. లేచాను. కాగితం తీసి చదివాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి దిగిపోయాను. విజయక్క పేరు ఎత్తలేదు. ఎత్తకుండానే అందరికీ తెలిసింది.

పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. శామ్యూల్ అన్నయ్య నవ్వుతూ లేచాడు.

“వెరీ గుడ్ పాయింట్ సిస్టర్. ప్రైజ్ ది లార్డ్. లెట్స్ టేబుల్ దిస్. టేబుల్ చెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.”

చేతులు లేచాయి! ఒక్కటొక్కటిగా కాదు, అన్నీ ఒకేసారి. నేను ఈయన వైపు చూశాను. ఈయనదీ లేచింది. ఆ చెయ్యి చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఇంటి ఓటు నా కోసం లేచింది.

విజయక్క బయట పార్కింగ్‌లో నన్ను గట్టిగా పట్టుకుని వదల్లేదు. “నువ్వు అడుగుతావని కలలో కూడా అనుకోలేదే.”

కార్లో నాన్న వెనకసీటు నుంచి — “టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టినట్టే. ఇక చర్చించి తీరాలి. అజెండా కాగితాలు టేబుల్ చెయ్యడం నా సర్వీసంతా నా పనే కదమ్మా, నాకు తెలియదా!”

ఈయన డ్రైవ్ చేస్తున్నారు. హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ కూడా దాటిపోయి మళ్ళీ తిరిగొచ్చారు. చాలా అలిసిపోయినట్టున్నారు.

సెప్టెంబరు 29

రవ్వలడ్లు చేశాను. కారణం లేకుండా ఎందుకు చేశావని గ్రేస్ అడిగింది, కారణం ఉందన్నాను. ఈయన రెండు తిన్నారు. “బాగున్నాయి” అన్నారు.

రిపోర్టు పంపించాను. చివరి వాక్యం — ‘నా ప్రతిపాదనను సభ ఏకగ్రీవంగా టేబుల్ చేసింది.’ రెండుసార్లు చదువుకుని పంపాను.

అక్టోబరు 3

ఎలక్టోరల్ కాలేజ్. కాలేజీ కాదట. మరి ఎందుకా పేరు?

అక్టోబరు 7

గ్రూపు ప్రాజెక్టులో నాకు తగిలిన ముగ్గురిలో ఒకడు ఇంతవరకు కనపడలేదు, ఒకమ్మాయి అన్నింటికీ బొటనవేలి బొమ్మ పెడుతుంది, మూడోవాడు నన్ను ‘సర్’ అంటున్నాడు. పని మొత్తం నేనే చేస్తున్నా. ఫ్ను సర్ చేస్తున్నాడు.

అక్టోబరు 14

మధ్య పరీక్ష. ఈసారి నాన్నకి ముందే చెప్పాను, పెరట్లో కూర్చున్నారు పాపం, ఎండలో.

ఒక ప్రశ్న మీద నాకు పిచ్చికోపం వచ్చింది. బిల్లును టేబుల్ చెయ్యాలని కమిటీ ఓటేసింది, తర్వాత ఆ బిల్లుకి ఏమవుతుంది? ఇదొక్కటే నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే ప్రశ్న. చర్చకి వస్తుంది అని పెట్టాను. తప్పన్నాడు. పక్కన పెట్టేస్తారు అన్నది కరెక్టట!

జవాబుల పట్టికలోనే తప్పుంది. ప్రొఫెసర్‌కి రాస్తా.

అక్టోబరు 15

నాన్న, నేను కూర్చుని మెయిలు తయారుచేశాం. నాన్న ఎంత ఉత్సాహంగా ఉన్నారో, మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నట్టు షర్టు కూడా మార్చుకున్నారు. “రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టు. విత్ డ్యూ రిగార్డ్స్ అను. మా దగ్గర సభలో ఒక కాగితం టేబుల్ అయిందంటే ప్రతి మెంబరు ముందూ పెట్టారని అర్థం, అని రాయి. గట్టిగా రాయి.”

గట్టిగా రాశాను. నా చర్చి సంగతి కూడా ఉదాహరణగా పెట్టాను. గ్రేస్ చదివి “మామ్, సెండ్ చెయ్యద్దు, కొంచెం వెయిట్ చెయ్” అంది. ఎందుకే అంటే చెప్పలేదు, గదిలోకి పోయింది.

పంపేశాను.

అక్టోబరు 16

ప్రొఫెసర్ జవాబు. చాలా మర్యాదగా రాశారు. అదే ఇంకా బాధ.

ఆ మాటకి మీ దేశంలో, బ్రిటన్‌లో మీరు చెప్పిన అర్థమే, మీది పొరపాటు అనను అన్నారు. అమెరికాలో మాత్రం సరిగ్గా దానికి తిరగబడిన అర్థం. టేబుల్ చెయ్యడమంటే చర్చ ఆపి పక్కన పెట్టడం. మళ్ళీ ఎవరైనా లేచి, దాన్ని టేబుల్ మీంచి తిరిగి తీసుకోవాలని అడిగి, సభ ఓటేస్తే తప్ప అది అక్కడే పడి ఉంటుంది. సాధారణంగా అలాగే చచ్చిపోతుంది. మీ రిపోర్టు మళ్ళీ చదివాను, దాన్ని మార్చి రాసుకునే అవకాశం ఇస్తాను, అని ముగించారు.

ముందు మార్కు పోయిందని బాధపడ్డాను.

తర్వాత, స్టవ్ దగ్గర నిలబడి పప్పు తాలింపు వేస్తుంటే ఎక్కింది. అన్ని చేతులూ... ఒకేసారి... నవ్వుతూ...

తాలింపు మాడిపోయింది.

అక్టోబరు 17

ఈయన ఇవాళ ఇంటి నుంచే పని. బట్టలు మడతపెడుతూ ఆఫీసు గది తలుపు దాటాను. లోపల మీటింగులో ఈయన గొంతు, ఆఫీసు ఇంగ్లీషు —

“లెట్స్ టేబుల్ దట్ వన్ ఫర్ నౌ, గైస్. నెక్స్ట్ క్వార్టర్ చూద్దాం, వియ్ హావ్ బిగ్గర్ థింగ్స్.”

అంత సులువుగా అన్నారు. రోజూ పదిసార్లు అనే మాటలా.

మడతపెట్టిన తువ్వాళ్ళు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అంటే ఆయనకి తెలుసు. ఆ రోజు చెయ్యెత్తినప్పుడు తెలుసు. కార్లో నాన్న చెప్తుంటే తెలుసు. లడ్డూ తింటున్నప్పుడు తెలుసు.

అక్టోబరు 18

అడిగాను.

“టేబుల్ చెయ్యడం అంటే ఏంటండీ?”

“ఏ టేబులు?”

“మీ ఆఫీసు టేబులు.”

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “అందరూ ఎత్తారు కరుణా. శామ్యూల్ నా వైపే చూస్తున్నాడు. నేనొక్కణ్ణే దించి కూర్చుంటే...”

“కూర్చుంటే?”

“అనవసరంగా అందరి నోళ్ళలో పడతాం.”

“తర్వాత నాకు చెప్పచ్చుగా. లడ్లు రెండు తిన్నారుగా.”

“నువ్వంత సంతోషంగా ఉన్నావు. ఎప్పుడు చెప్పను? ఎలా చెప్పను?”

నాకు కోపం వస్తే మాటలు రావు, కన్నీళ్ళే వస్తాయి, అదొక దరిద్రం. ఏడుస్తున్నానని ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. తాగలేదు. ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఓటు... అందులో నాది సగమైనా ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ సగంతో నా నోరే మూయించారు.

అక్టోబరు 19, ఆదివారం

చర్చిలో శామ్యూల్ అన్నయ్యని పట్టుకున్నాను. కాఫీ గ్లాసులు సర్దుతున్నాడు.

“అన్నయ్యా, ఆ రోజు టేబుల్ అన్నారు కదా, అంటే పక్కన పెట్టెయ్యడమా?”

“అయ్యో సిస్టర్, మీరు గవర్నమెంట్ కోర్సే చేస్తున్నారు కదా, మీకు తెలుసనుకున్నాను!”

నిజంగా అనుకున్నాడో, నటించాడో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. మళ్ళీ అన్నాడు, గొంతు తగ్గించి — “మనం ఉన్నదే గుప్పెడు కుటుంబాలు. పెద్ద చర్చిల్లోలా మనకి గొడవలెందుకు? ప్రేమతో నడుస్తోంది, నడవనివ్వండి.”

ప్రేమతోనే అన్నాడు విజయక్కతో కూడా, ఆ రోజు.

అక్టోబరు 21

విజయక్కకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు.

అక్టోబరు 24

నాన్నకి చెప్పక తప్పలేదు. ఆయన ముఖం వాడిపోయింది. “మాట అదే, అర్థం తలకిందులా! నేనే తప్పుదారి పట్టించానమ్మా నిన్ను.” మీ తప్పేం లేదు నాన్నా అన్నాను. అది నిజం కూడా. అయినా ఆ సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళలేదు, టీవీ పెట్టలేదు. అల్లుడితో మాత్రం మామూలుగానే ఉన్నారు. నాకు అది కూడా కోపంగానే ఉంది.

అక్టోబరు 29

ఈయన గిన్నెలు తోముతున్నారు. పది రోజులుగా తోముతున్నారు. నేను అడగలేదు.

నవంబరు 4

ఎన్నికల రోజు. గ్రోసరీ స్టోర్ కౌంటర్ దగ్గరమ్మాయి జాకెట్టు మీద ఓటేసినట్టు స్టిక్కరు. “డిడ్ యూ వోట్ టుడే?” అని అడిగింది, అందరినీ అడుగుతోంది. నాట్ యెట్ అన్నాను. అబద్ధం కూడా కాదు.

నవంబరు 9, ఆదివారం

ఈ వారం పాఠం కోర్టుల గురించి. మొదటిసారి ఒక వీడియో ఒక్కసారికే అర్థమైంది. రాజ్యాంగం చదివేటప్పుడు, రాసి ఉన్నది ఏంటి, మనకి అలవాటైనది ఏంటి, రెండూ విడదీసి చూడండి అన్నారు ప్రొఫెసర్. చాలా గొడవలు ఆ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే వస్తాయట.

వీడియో ఆపి చర్చి నియమావళి తెరిచాను. ఇంతకాలం ఈమెయిల్‌లో పడి ఉంది, ఎవరు చదివారు గనక? ఓటు గురించి ఒక్కటే వాక్యం. ప్రతి సభ్య కుటుంబానికీ ఒక ఓటు ఉంటుంది. అంతే!

కుటుంబ పెద్ద అని లేదు. భర్త అని లేదు. మగవాళ్ళని లేదు. కిందా పైనా వెతికాను. లేదు.

అంటే ఇన్నేళ్ళూ మేమే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ కట్టెయ్యలేదు. సంతోషం వెయ్యలేదు, ముందు సిగ్గేసింది, తర్వాత ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

నవంబరు 11

విజయక్కకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, లడ్ల సంగతి కూడా. అవతల ఎగశ్వాస వినపడింది. ఏడుస్తోందేమో అనుకున్నా. నవ్వుతోంది.

“అయితే మనిద్దరం పార్కింగ్‌లో కావలించుకుని మురిసిపోయింది, వాళ్ళు మన నోరు మూసినందుకా!”

నాకూ నవ్వొచ్చింది. చాలారోజుల తర్వాత.

నియమావళి వాక్యం చదివి వినిపించాను. “నీ ఇంట్లో ఇప్పుడున్నది నువ్వే అక్కా. నీ ఇంటి ఓటు నీదే, బాబుది కాదు.”

“ఇంకోసారి చదువు” అంది. చదివాను. “ఇంకోసారి” అంది.

నవంబరు 15

ఈయనకీ చదివి వినిపించాను. తల ఊపారు. “అయితే నువ్వే వెయ్యచ్చన్నమాట.”

“వెయ్యచ్చు. మీరూ వెయ్యచ్చు. ఎవరో ఒకరం.”

“డిసెంబరు మీటింగులో దాన్ని మళ్ళీ తీసుకోమని నేనడగనా?”

నియమావళి మూసేశాను. అడగమంటే — నా ఓటు నాకిప్పించండి అని ఆయన్ని బతిమాలినట్టు. వద్దంటే మొండితనం. ఆయన అడిగితే అందరూ చప్పట్లు కొడతారు, ఎంత మంచి భర్తో అంటారు. ఆ మాట నేను వినలేను.

నవంబరు 22

రిపోర్టు మార్చి రాశాను. ఓటు ఎలా పడిందో వివరంగా రాయమన్నారు ప్రొఫెసర్. రాశాను. ‘ప్రతిపాదనను పక్కన పెట్టడానికి అన్ని కుటుంబాలూ ఓటేశాయి. వాటిలో నా కుటుంబం కూడా ఉంది.’

ఆ వాక్యం ఇంగ్లీషులో చాలా చిన్నది. రాయడానికి సాయంత్రమంతా పట్టింది.

కింద ఫ్ను అని పెట్టలేదు. పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. మెషీను ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది, లేకపోతే లేదు.

నవంబరు 27

థాంక్స్‌గివింగ్. ఈయన టేబులు తుడుస్తూ గ్రేస్‌తో “టేబుల్ క్లియర్ చెయ్యి” అన్నారు. నేనూ గ్రేస్ ఒకరినొకరం చూసుకున్నాం. అది ముందు నవ్వింది. నేను నవ్వలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

అది వెనకే వచ్చింది. “మామ్, ఐ న్యూ. ఆ ఈమెయిల్ అప్పుడే నాకు తెలుసు. సారీ.”

“నువ్వు కూడానా” అన్నాను.

డిసెంబరు 3

రిపోర్టుకి తొంభై నాలుగు. కింద ప్రొఫెసర్ ఒక్క లైను రాశారు — థాంక్యూ, కరుణ.

చాలాసేపు ఆ పేజీ మూయలేదు.

డిసెంబరు 6

నాన్న వచ్చే వారం వెళ్ళిపోతారు. సూట్‌కేసు ఇప్పటినుంచే సర్దుకుంటున్నారు. “రేపు మీటింగు చూసి వెళ్తానులే” అన్నారు. “చూడటానికేగా వచ్చింది. మాట్లాడను. ఒట్టు.”

ఈయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఏం చెయ్యబోతున్నారో చెప్పలేదు. నేను అడగలేదు.

డిసెంబరు 7, ఆదివారం

డైరీ ఎప్పుడూ చర్చికి తేలేదు. ఇవాళ బైబిల్‌తో పాటు బ్యాగులో పడేశాను. భోజనాలు అవుతున్నాయి, హాల్లో వెనక వరసలో కూర్చుని రాస్తున్నా. చేతులకి ఏదో ఒక పని కావాలి.

ఆరాధన మీద మనసు నిలవలేదు. పాటల్లో ఒక చరణం ఎగ్గొట్టాను. శామ్యూల్ అన్నయ్య వచ్చి పలకరించాడు, “వందనాలు సిస్టర్, ఎగ్జామ్స్ అయిపోయాయా?” అయిపోవస్తున్నాయి అన్నాను. నా కళ్ళలోకి చూడలేదు. లేక నేనే చూడలేదో.

విజయక్క వచ్చింది. ఎప్పుడూ వెనకే కూర్చునే మనిషి, ముందు వరసలో మధ్య కుర్చీ పట్టుకుంది. కొంగు ముందే పిన్ను పెట్టి బిగించుకుని వచ్చింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది, భయమూ వచ్చింది. టేబుల్ మీంచి తిరిగి తీసుకోవాలని నేను లేచి అడుగుతాను. వాక్యం రాసుకున్నాను, బైబిల్లో పెట్టుకున్నాను. అడగడం వరకూ సరే. తర్వాత శామ్యూల్ అన్నయ్య చేతులెత్తమంటాడు. అప్పుడు?

ఈయన ఇప్పుడే బిర్యానీ ప్లేటుతో వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. సగం తిన్నారు. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండానే —

“చెయ్యి నేనెత్తనా, నువ్వెత్తుతావా?”

మంచిగానే అడిగారు. నాకు అది కూడా గుచ్చుకుంది. ఆయనెత్తితే ఆయన పెట్టిన భిక్ష. నేనెత్తి ఆయన ఊరుకుంటే, నాకు దారి వదిలి తప్పుకున్నట్టు, ఆ రోజు చేసింది మాసిపోయినట్టు. రెండూ వద్దు నాకు.

“ఇద్దరం ఎత్తుదాం” అన్నాను. “ఇంటికి ఒక్కటే అంటారుగా. మీదా నాదా, ఏది లెక్కపెట్టుకుంటారో అందరి ముందూ వాళ్ళనే తేల్చుకోమందాం.”

ఆయన ప్లేటులో మెతుకులు ఒక పక్కకి పోగుచేశారు, చేసినవాటినే మళ్ళీ చేశారు. తర్వాత లేచి, ప్లేటు పారేసి వస్తానని వెళ్ళారు.

చెత్తబుట్ట తలుపు పక్కనే ఉంది. తలుపుకి అవతల పార్కింగ్.

మైకు టెస్ట్ చేస్తున్నారు. అందరూ వచ్చి కూర్చోమంటున్నారు. నాన్న వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆఫీసులో నిలబడినట్టు నిలబడ్డారు. విజయక్క వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంది, కనపడ్డాను.

శామ్యూల్ అన్నయ్య అజెండా చదవడం మొదలుపెట్టాడు.

పక్క కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.